పన్నెండు జీడిపప్పు బిస్కెట్లు

ముప్పై రెండేళ్ళు నాలుక మీద బతికాను. లాయర్లూ రాజకీయ నాయకులూ కూడా అలాగే బతుకుతారు గానీ వాళ్ళది మాట్లాడే నాలుక, నాది రుచి చూసే నాలుక. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో దిమ్మల రకం తేల్చడం నా ఉద్యోగం. బండి దిగిన దిమ్మని గోటితో గీకి, ఆ పొడి నాలుక చివర పెట్టుకుంటే చాలు. చెరకు ఏ నేలదో, పాకం ఎంత ముదిరిందో, సున్నం ఎక్కువ పడిందో తక్కువ పడిందో చెప్పేసేవాణ్ణి. రిటైరైన రోజు శాలువా కప్పి, "ఈయన నాలుక అబద్ధం చెప్పదు" అన్నాడు ఒకాయన మైకులో. ఇంటికొచ్చి ఆ మాట మురిపెంగా చెబితే, "నాలుక చెప్పదు, దాని యజమానే చెబుతాడు" అంది మా ఆవిడ.

నేను రిటైరయ్యేనాటికి అమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది కాబట్టి ఆ దీపావళికి ఇంట్లో దీపాలు పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు గానీ, పండక్కి అప్ప వస్తుందా రాదా అన్నదే నా దిగులు.

మా వైపు అక్కని అప్ప అంటాం. నాకున్న తోబుట్టువు ఆవిడొక్కతే. నాకంటే ఐదేళ్ళు పెద్ద. కొండకర్లలో ఉంటుంది, బస్సెక్కితే ఎంతో దూరం కాదు. అమ్మ మంచాన పడ్డ ఏడు నెలలూ రోజూ పొద్దున్న బస్సుకి వచ్చి, అమ్మకి నీళ్ళు పోసి, తినిపించి, పక్క మార్చి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేది. మా ఆవిడ స్కూలు టీచరు, నేను మార్కెట్లో. పగలంతా అమ్మ దగ్గర అప్పే. అలాంటిది, అమ్మ దినాలయ్యాక మా ఇంటి లోపల అడుగు పెట్టలేదు. సంవత్సరీకానికి వచ్చింది, వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది, అక్కడే విస్తరి వేయించుకుని తింది, ఆటో పిలిపించుకుని వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. బాగున్నారా అంటే బాగున్నాం అంటుంది. అంతే.

గొడవ పడితే సర్దుకోవచ్చు. గొడవే లేకపోతే దేన్ని సర్దుకోవాలి? ఆస్తి తగాదా అనుకుందామంటే, తగాదా పడేంత ఆస్తి నాన్న మిగల్చలేదు. ఆ మేరకు ఆయన ముందుచూపు ఉన్నవాడు.

పండక్కి రెండు వారాలుందనగా మా ఆవిడ ఒక బేకరీ నుంచి జీడిపప్పు బిస్కెట్ల అట్టపెట్టె తెచ్చింది. ఒకటి కొరికాను. తెల్లగా, మెత్తగా, ఏ తప్పూ లేకుండా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేని వస్తువులో రుచి కూడా ఏమీ ఉండదని నా ఉద్యోగం నాకు నేర్పింది. అది నములుతుంటే యాభై ఏళ్ళ కిందటి బిస్కెట్ ఒకటి నాలుక మీదకి వచ్చి నిలబడింది.

మా చిన్నప్పుడు దీపావళి బిస్కెట్లు కొనేవాళ్ళం కాదు, కాల్పించుకునేవాళ్ళం. పండగ ముందు వారం ప్రతి ఇంటి నుంచీ మైదా, డాల్డా, పంచదార కలిపిన పిండిముద్ద ఒక గిన్నెలో బేకరీకి వెళ్ళేది. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూర్చుని బిళ్ళలు ఒత్తి రేకుల మీద పేరిస్తే, బేకరీ ఆయన ఆ రేకుల్ని కట్టెల భట్టీలోకి తోసేవాడు. పది ఇళ్ళవి ఒకేసారి కాలతాయి. ఏవి ఎవరివో తెలియడానికి ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఒకరు సోడాసీసా మూత నొక్కేవారు, ఒకరు దువ్వెన పళ్ళు, ఏమీ లేనివాళ్ళు బొటనవేలు. మా ఇంటి గుర్తు ట్రంకుపెట్టె తాళంచెవి. దాని తలకాయ నొక్కితే బిళ్ళ మీద చిన్న గుండ్రం పడేది.

మా బిస్కెట్లు మిగతావాళ్ళ వాటిలా తెల్లగా ఉండేవి కావు. నాన్న మార్కెట్లో కాటా మనిషి. దిమ్మలు తూచేచోట రాలిన నల్లబెల్లం పొడి సాయంత్రం మూట కట్టుకుని తెచ్చేవాడు. అందుకని మాకు పంచదార కొనే పని లేదు, నిజం చెప్పాలంటే కొనే దారీ లేదు. జీడిపిక్కలు నర్సీపట్నం వైపు నుంచి మా మేనమామ వేసవిలో తెచ్చేవాడు, పైగుల్ల తీయకుండా ఒక చిన్న సంచీడు. అమ్మ వాటిని పెరట్లో కాల్చి, కొట్టి, పప్పు తీసి డబ్బాలో దాచేది. దీపావళి దాకా ఆ డబ్బా జోలికి ఎవరూ పోకూడదు. బిస్కెట్లొచ్చాక అమ్మ రోజుకొకటి నా చేతిలో పెట్టేది. పన్నెండు రోజులు వచ్చేవి. కొరికితే మొదట బెల్లం పొగవాసన, తర్వాత డాల్డా, ఆఖర్న కాలిన జీడిపప్పు, దాని పొట్టు అక్కడక్కడా తగిలి కాస్త వగరు.

అప్పకీ పన్నెండు వచ్చి ఉంటాయని నా లెక్క. లెక్కల్లో నాకు ఏనాడూ ముప్పై అయిదు మార్కులు దాటలేదు.

ఆ బిస్కెట్లు మళ్ళీ చేయించి కొండకర్ల పట్టుకెళ్ళాలని అనుకున్నాను. ఇద్దరం చిన్నప్పుడు తిన్నది ఇద్దరం కూర్చుని తింటే, ఏ మాట దగ్గర ఆగిపోయామో అక్కణ్ణించి మొదలుపెట్టొచ్చని ఆశ. ఈ కాలం పిల్లలు ఎవరినైనా కాకా పట్టడాన్ని బిస్కెట్ వేయడం అంటారు. నేను దాన్ని పిండీ నెయ్యీ పోసి మరీ చేయబోతున్నానన్నమాట.

కొలతలు అడుగుదామని అప్పకి ఫోన్ చేశాను. ఎందుకో చెప్పలేదు. అమ్మ దీపావళి బిస్కెట్లలో జీడిపప్పు ఎంత వేసేది అని అడిగాను.

"జీడిపప్పేటి?" అంది అప్ప. "వేరుశెనగ పిక్కలు గదా ఏసీది."

కాదన్నాను. జీడిపప్పే, ఇన్నేళ్ళయినా నా నాలుకకి గుర్తుంది అన్నాను. ఇంకా గుర్తు చేద్దామని మేనమామ సంచీ, పెరట్లో పొగ, అన్నీ ఏకరువు పెట్టాను. 

"అయితే నీ నాలికే రైటు," అంది అప్ప. "పొయ్యి మీద పాలున్నాయిరా, ఉంటాను."

అప్పకి మతిమరుపు మొదలైనట్టుందని మా ఆవిడతో అన్నాను. అమ్మ మందుల పేర్లు ఒక్కటి తప్పకుండా చెప్పిన మనిషికి మతిమరుపు ఎందుకొస్తుంది, మీ కళ్ళజోడు మీ నెత్తి మీదే ఉంది చూసుకోండి అంది ఆవిడ.

మొదటి విడత ఇంట్లో ఉన్న చిన్న కరెంటు ఓవెన్లో చేశాను. గోడకి మేకు కొట్టుకోవడానికి పనికొచ్చేలా వచ్చాయి. రెండో విడత గట్టిగా లేవు, అసలు బిస్కెట్లుగానే లేవు, రేకంతా ఒకటే అప్పచ్చి అయి కూర్చుంది. అప్ప కోసం చేస్తే అప్పచ్చి వచ్చిందని నవ్వబోయాను గానీ గిన్నెలు తోముతున్న మా ఆవిడ ముఖం చూసి మానుకున్నాను.

బెల్లమే తేడా అని అప్పుడు తట్టింది. ఇంట్లో ఉన్నది పచ్చగా మెరిసే బెల్లం. ఆ మెరుపు మందు కలిపితే వచ్చేదని ముప్పై రెండేళ్ళు అందరికీ చెప్పినవాణ్ణి, ఇంటికి మాత్రం మెరిసేదే తెచ్చుకున్నాను. మాకు కావలసింది నల్లబెల్లం. నల్లబెల్లం కొనేవాడంటే సారా కాస్తాడని అనుమానం. పాత స్నేహితుడి కొట్టుకే వెళ్ళి అడిగితే, నన్ను కింద నుంచి పైదాకా చూసి ఆధార్ కాగితం ఇమ్మన్నాడు.

"రిటైరయ్యేక ఇదేటి బావా, కొత్త యాపారం?"

బిస్కెట్లకన్నాను. ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా అన్నట్టు తల ఊపి రెండు కిలోలు తూచాడు.

కొట్లో అమ్మే తెల్లటి జీడిపప్పు పనికిరాదని కూడా తెలిసిపోయింది. మార్కెట్లో నాతో పనిచేసినాయన బంధువులకి జీడితోట ఉంటే, వాళ్ళు దాచిన పచ్చి జీడిపిక్కలు గుల్లతో సహా తెప్పించి పెరట్లో కాల్చాను. జీడిపిక్క కాలేటప్పుడు నూనె చిమ్ముతుంది. ఆ నూనె తగిలినచోట చర్మం ఊడుతుంది. కర్ర పుల్లతో తిప్పుతున్నాను, దూరంగానే నిలబడ్డాను, అయినా అరచేతి మీద రెండు బొబ్బలు లేచాయి. గుల్ల కొట్టి పప్పు తీసేసరికి వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి.

వేసవి సెలవుల్లో అమ్మ వేళ్ళు అచ్చం అలాగే ఉండేవి. అన్నం కలిపి పెడుతుంటే చూసేవాణ్ణి. గోరింటాకు ముదిరి నల్లబడిందేమో అనుకునేవాణ్ణి. ఆ చేతులతో ఆవిడ కారం ఎలా కలుపుకుందో ఒక్కసారీ అడగలేదు. నీళ్ళ బకెట్లో చేయి పెట్టుకుని పెరటి మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

కట్టెల భట్టీ ఉన్న బేకరీ ఊళ్ళో ఇంకా ఒకటి మిగిలి ఉంది, మా చిన్నప్పటిదే. అల్లుడు నడుపుతున్నాడు. మామగారు ఎనభై దాటినాయన, వాకిట్లో బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని గమనిస్తుంటాడు. పిండిముద్ద గిన్నె పట్టుకుని వెళ్ళి, పాతకాలంలో లాగా కాల్చి ఇస్తారా అని అడిగితే అల్లుడు నవ్వాడు గానీ ముసలాయన లేచి నిలబడ్డాడు. ఎవరింటి వాడినని అడిగాడు. చెప్పాను.

"కాటాయన కొడుకువా. తాళంచెవోళ్ళు," అన్నాడు.

మా ఇంటికి ఆ పేరుందని నాకు తెలియదు. మహా సంతోషమేసింది. రేకు ముందు కూర్చుని బిళ్ళలు ఒత్తి, జేబులోంచి బీరువా తాళంచెవి తీసి ఒక్కొక్కదాని మీదా నొక్కాను. కావాలనే పన్నెండు చేశాను. ముసలాయన వంగి చూశాడు.

"మరి గాజువేవి?" అన్నాడు.

గాజువి ఏమిటన్నాను.

"మీయమ్మ రెండు ముద్దలు తెచ్చీది గదేటి. జీడిపప్పుది సిన్న ముద్ద, పిక్కలది పెద్ద ముద్ద. జీడిపప్పు వాటికి తాళంచెవి, పిక్కల వాటికి సేతి గాజు. కలిసిపోకూడదని మరీ మరీ సెప్పీది. తాళంచెవివి పన్నెండున్నాయి, అయి మా బాబువి, లెక్కెట్టి ఇయ్యి అనీది."

ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, వేరే ఇళ్ళ గుర్తుల గురించి. నా చేతిలో తాళంచెవికి పిండి అంటుకుని ఉంది. పంచెకి తుడుచుకున్నాను. కొత్త పంచె.

భట్టీలోంచి రేకు బయటికి వచ్చింది. చల్లారేదాకా ఆగలేక ఒకటి తీసి కొరికాను. అదే. బెల్లం పొగ ముందు, తర్వాత డాల్డా, ఆఖర్న కాలిన జీడిపప్పు, పొట్టు వగరు. యాభై ఏళ్ళలో ఒక్క చెంచా అటూ ఇటూ కాలేదు. నా నాలుక నిజంగానే అబద్ధం చెప్పలేదు. వేరుశెనగ పిక్కలని అప్ప చెప్పిందీ అబద్ధం కాదు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పండక్కి, ఒకే అమ్మ చేతివి తిన్నాం. అవి వేరు, ఇవి వేరు.

రెండోది తినలేకపోయాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. మగపిల్లాడినని కాదేమో, చిన్నప్పుడు నేను అర్భకంగా ఉండేవాణ్ణట, అందుకే పెట్టిందేమో అన్నాను.  ఇప్పుడు ఈ పదకొండూ అప్పకి పట్టుకెళ్ళాలా వద్దా అని అడిగాను. వద్దంటే బాగుండునని ఉంది.

"పట్టుకెళ్ళండి," అంది. "ఇంట్లో ఉంచుకుంటే మళ్ళీ మీకోసం ఉంచినట్టే అవుతుంది."

మర్నాడు పొద్దున్నే కొండకర్ల బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి అప్ప అరుగు మీద కాళ్ళు చాపుకుని, దూది పింజలు తొడ మీద రుద్ది ఒత్తులు చేస్తోంది. పండక్కి. పక్కన ఇత్తడి పళ్ళెంలో ఒత్తులు కట్టలు కట్టి ఉన్నాయి. బావ పొలానికి వెళ్ళాడట. ఆవ చెరువు మీదనుంచి గాలి వస్తోంది. నా అరచేతికి ఆ కట్టు ఏమిటని అడిగింది అప్ప. జీడినూనె అన్నాను. డబ్బా పక్కన పెట్టాను.

మూత తీసి ఒక బిస్కెట్ చేతిలోకి తీసుకుంది. పైనున్న గుండ్రం మీద వేలు పెట్టి తిప్పింది.

"గుర్తు కూడా ఎయించేవేటి," అంది.

చిన్న ముక్క కొరికింది. పళ్ళ సెట్టు కొత్తది, నెమ్మదిగా నమిలింది. కొట్లో రైతులు నా ముఖంలోకి చూసినట్టు నేను ఆవిడ ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.

"బాగుంది," అంది. "ఇలాగుండీవన్నమాట."

"ఎప్పుడూ తినలేదా అప్పా?"

"నాకెవులు పెడతారు." కోపం లేదు ఆ మాటలో. ఒత్తి ఒకటి చేసి పళ్ళెంలో వేసింది. బేకరీ నుంచి ఇంటికి మోసుకొచ్చేది తనేనని చెప్పింది. అమ్మ ముందు నడిచేదట, తను వెనకాల రెండు డబ్బాలు నెత్తిన పెట్టుకుని. పెద్దది గాజు గుర్తుది, దాని మీద చిన్నది తాళంచెవి గుర్తుది. "దారంతా వాసనొచ్చీది. ఒకటి తీసినా తెలిసిపోద్ది, పన్నెండు గదా. ఏ ఏడూ ఒక్కటి కూడా ఇరగ్గొట్టలేదురా. అమ్మ డబ్బా తీసి సూసి, నా బంగారుతల్లి అనీది. ఆ మాట కోసం మోసీదాన్ని."

నాకు తెలీదప్పా అన్నాను.

"నీకు తెలీదనీ నాకు తెలుసు. సిన్నోడివి." ఇంకో పింజ తీసుకుంది. దాన్ని విడదీస్తూ నా వైపు చూడకుండానే అంది: "మరి బత్తాయి రసమప్పుడో?"

మొదట అర్థం కాలేదు. తర్వాత అయింది.

అమ్మ మంచంలో ఉన్న ఏడు నెలలూ నేను మార్కెట్ నుంచి వచ్చేసరికి, అమ్మ మంచం పక్క స్టూలు మీద ఒక గ్లాసు, దాని మీద మూతగా చిన్న పళ్ళెం, అందులో బత్తాయి రసం ఉండేది. ఎండన పడి వస్తాను కదా, అప్ప నాకోసం తీసి ఉంచిందనుకునేవాణ్ణి. నిలబడే తాగేసేవాణ్ణి. డాక్టరు అమ్మకి చెప్పిన రసం అది. బస్సు దిగి కాయలు కొని, వడగట్టి, చెంచాతో తాగించబోతే అమ్మ రెండు చెంచాలు తాగి, బాబొస్తాడు వాడికుంచు అని పెదాలు మూసేసేదట. రోజూ. ముప్పై రెండేళ్ళు, మార్కెట్లోకి వచ్చిన ప్రతి దిమ్మా ఏ నేలదో ఎక్కణ్ణించి వచ్చిందో నాలుక మీద పెట్టుకుని తేల్చినవాణ్ణి, ఆ గ్లాసు ఎవరికోసం నిండిందో ఒక్కరోజూ అడగలేదు.

"తాగీసి మూతి తుడుసుకునీవోడివి," అంది అప్ప. "నువ్వు తాగినంతసేపూ అమ్మ నిన్నే సూసీది. ఆ కళ్ళల్లో ఎలుగు అప్పుడే వచ్చీది, మరింకెప్పుడూ రాదు. పొద్దున్నుంచీ నాను పక్కనే ఉన్నాను గదా, నన్ను సూసి రాదు. గ్లాసు కడిగి బోర్లించి నాను బస్సుకెళ్ళిపోయీదాన్ని."

నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాను. ఆ రాయి నాకంటే నయం, బెల్లం కొట్టి దాచుకోదు.

"అమ్మ మీద కోపం నేదు. నీ మీదా నేదు," అంది. "ఆ గడప తొక్కితే మళ్ళీ నాను మోసుకొచ్చీదాన్నే అయిపోతాన్రా. అందుకే రాను."

 పండక్కి రా అని పిలవడానికి వచ్చినవాణ్ణి, ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. అప్ప మిగతా బిస్కెట్ తినేసింది, పొడి కూడా అరచేతిలోంచి నోట్లో వేసుకుంది. మంచినీళ్ళు తాగింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, నీవి ఎలా ఉండేవి అని అడిగాను. గాజు గుర్తువి.

ఆ ఏడాదిలో మొదటిసారి అప్ప ముఖం విప్పారడం చూశాను.

"నావా? నావి మాడిపోయీవి," అంది. "నీవి మాడకూడదని భట్టీ నోటి కాడెట్టించీది అమ్మ. నావి లోపల మూలకి తోసీవోరు. మంటకాడికి. ఒక పక్క నల్లగా అయిపోయీది. నాను ఆ నల్ల పక్కే ముందు తినీదాన్ని. సేదుగా, తియ్యగా, పిక్కలు కూడా మాడి... ఏటో ఉండీదిరా." నాలుకతో పెదవి తడుపుకుంది. "అయి ఎప్పుడైనా తినాలనుంటాది. ఎవులెవులో పెట్టిన బిస్కెట్లెన్ని తిన్నానో, అలాగ మాడినవి మాత్రం ఎక్కడా నేవు."

నేను చేయించి తెస్తానన్నాను. ఆవిడ సరే అనలేదు, వద్దూ అనలేదు.

రెండ్రోజులాగి వేరుశెనగ పిక్కలు వేయించి, దంచి, నల్లబెల్లం కలిపి ముద్ద చేశాను. మా ఆవిడ చేతికున్న మట్టిగాజు తీసి ఇచ్చింది. బేకరీలో కూర్చుని బిళ్ళ బిళ్ళకీ గాజు అంచు నొక్కాను. ఒక్కోదాని మీదా ఒంపు తిరిగిన చిన్న గీత. అల్లుడు పొడుగాటి కర్ర పట్టుకుని భట్టీ ముందు నిలబడి, రేకు ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. మంచి మనిషి. నోటి దగ్గరే పెడతాను, సమంగా కాలతాయి అన్నాడు.

లోపల మూలకి తోయమని చెప్పాలి. మంట దగ్గరికి. యాభై ఏళ్ళ కింద ఇదే భట్టీ ముందు నిలబడి, అప్ప రేకుని చూపించి అమ్మ చెప్పిన మాట అది. ఆ మాట ఇప్పుడు నేను చెప్పాలి, చెప్పకపోతే అవి అప్పవి కావు. నోరు తెరిచాను. రాలేదు. కట్టెలు చిటపటమంటున్నాయి. అల్లుడు ఎదురు చూస్తున్నాడు, వెనక బెంచీ మీద ముసలాయన కూడా.

"మూలకి," అన్నాను.

"మాడిపోతాయండి."

"మాడనీ."

ఆయన భుజాలెగరేసి రేకు లోపలికి తోశాడు. కాసేపటికి మాడు వాసన వచ్చింది. తీసెయ్యమంటారా అని రెండుసార్లు అడిగాడు. ఇంకాసేపు అన్నాను, రెండుసార్లూ. ముసలాయన ఇటు చూడటం మానేసి వీధిలోకి చూస్తున్నాడు. బయటికి వచ్చాక వాటిని చల్లార్చి డబ్బాలో పేర్చాను. రుచి చూడలేదు. చేతులకంటిన పొడి కూడా కుళాయి కింద కడిగేసుకున్నాను.

దీపావళి ముందు రోజు మధ్యాహ్నం కొండకర్ల వెళ్ళాను. అప్ప డబ్బా మూత తీసి, వాసన చూసి, కళ్ళు మూసుకుంది. నల్లటి పక్క కొరికింది. ఒకటి తిన్నాక ఇంకొకటి తీసింది. తర్వాత ఇంకొకటి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే చెంగుతో తుడుచుకోలేదు, రెండు చేతులూ డబ్బా మీదే ఉన్నాయి. నేను పక్కన కూర్చున్నాను. అవేనా అని అడగలేదు.

కాసేపాగి, రేపు వస్తావా అప్పా అన్నాను.

"రేపు కాదురా," అంది.

మరెప్పుడని అడగబోయి ఆగిపోయాను. బావ వచ్చాడు, మజ్జిగ ఇచ్చారు, ఈ ఏడు చెరకు ఎలా ఉందో మాట్లాడుకున్నాం. అప్ప ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. బావ చేయి చాపితే ఒకటి ఇచ్చింది. నాకివ్వలేదు. ఇవ్వడం మర్చిపోయే మనిషి కాదు అప్ప. జీవితంలో నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి నా చేతిలో పెట్టకుండా పంపలేదు. ఆ రోజు నేను లేస్తుంటే డబ్బాకి మూత బిగించి, లోపలికి తీసుకెళ్ళి, ఎక్కడో పై అరలో పెట్టిన చప్పుడు వినిపించింది. ఖాళీ చేతులతో బయటికి వచ్చి, బస్సుకి టైమవుతోంది ఎల్లు అంది.

అవి ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.